చేతిపనిని విడువని కవి – విలియం బ్లేక్

కవిత్వము కూడు పెట్టదను మాట మన దేశమున ఎంత పాతదో ఐరోపాలోను అంత పాతది. కవియో చిత్రకారుడో కాగోరిన యువకునకు పెద్దలు సాధారణముగ రెండు దారులు చూపుదురు. చేతిలో ఒక వృత్తి ఉంచుకొని, కళను తీరిక వేళలకు విడిచిపెట్టుట ఒకటి. వృత్తిని విసర్జించి, కళనే నమ్ముకొని, వచ్చినదానితో తృప్తిపడుట రెండవది. ఆంగ్లకవి విలియం బ్లేక్ ఈ రెంటిలో దేనిని అంగీకరింపలేదు. పదునాలుగవ ఏట చేపట్టిన చెక్కడపు పనిని ఆయన మరణశయ్య వరకు విడువలేదు. తన కవితను, తన చిత్రకళను ఆ పనికి దాసిగ చేయనులేదు. ఈ పట్టుదలకు ఆయన చెల్లించిన మూల్యము సామాన్యమైనది కాదు. బ్రతికిన డెబ్బదేండ్లలో ధనము రాలేదు. చెప్పుకొనదగిన కీర్తియు రాలేదు. అయినను ఆయన చేసిన పుస్తకముల వంటివి ఇంగ్లీషు సాహిత్యమున అంతకుముందు లేవు. అవి పుట్టుటకు కారణము ప్రతిభ ఒక్కటే కాదు. రాగిరేకుపై ఏడేండ్లు చేసిన ఊడిగము కూడ.

మేజోళ్ళ వర్తకుని కుమారుడు

బ్లేక్ 1757వ సంవత్సరము నవంబరు 28వ తేదీన లండను నగరమున, బ్రాడ్ వీధిలో జన్మించెను. తండ్రి జేమ్స్ మేజోళ్ళు అమ్ముకొను చిరువర్తకుడు. పిల్లవాడు దెబ్బలకు లొంగెడివాడు కాడు. అందుచేత తండ్రి అతనిని బడికి పంపక ఇంటనే ఉంచెను. చదువను వ్రాయను తల్లి నేర్పెను. ఎనిమిది, పది యేండ్ల ప్రాయమున ఒకనాడు నగరపు శివారులోని పెక్‌హాం రై అను పచ్చిక బయలునకు పోయి, అక్కడ ఒక చెట్టు కొమ్మల నిండ దేవదూతలు ప్రకాశించుచుండగ చూచితినని ఇంటికి వచ్చి చెప్పెను. అబద్ధమాడుచున్నాడని తండ్రి చేయిచేసికొనబోగా తల్లి అడ్డుపడి విడిపించెను. ఇతరులకు కానరానిదానిని చూచుట, చూచినదానిని దాచక చెప్పుట అతనికి చివరి దినము వరకు మానలేదు.

తండ్రి కోపియే కాని మూర్ఖుడు కాడు. కుమారునకు బొమ్మలపై గల మక్కువను గుర్తించి పదవ ఏట హెన్రీ పార్స్ నడుపుచుండిన చిత్రలేఖన పాఠశాలలో చేర్చెను. ప్రాచీన శిల్పములకు పోతపోసిన నమూనాలను కొనియిచ్చెను. చేతి ఖర్చులకు ఇచ్చిన డబ్బుతో బాలుడు వేలము శాలలకు పోయి, రాఫెయిల్, మైకెలాంజిలో, డ్యూరర్ వంటి ఆచార్యుల చిత్రములకు తీసిన అచ్చుప్రతులను కొనితెచ్చుకొనెడివాడు. ఆనాడు లండనులో అట్టి ప్రతులను కోరెడివారు తక్కువ. కనుకనే అవి బాలుని కొనుబడికి అందినవి. అవి అతని వెంట ఏబదేండ్లు ఉండెను.

పదునాలుగవ ఏట భవిష్యత్తును నిర్ణయింపవలసి వచ్చెను. బాలుని కోరిక చిత్రకారుడు కావలెనని. పేరుగల చిత్రకారుని వద్ద శిష్యునిగ చేర్పవలెనన్న చెల్లింపవలసిన రుసుము చాల పెద్దది. ఇంటిలో ఇంకను ముగ్గురు మగపిల్లలు, ఒక ఆడపిల్ల కలరు. తన ఒక్కని కొరకు అంత ధనము వెచ్చించుట తోబుట్టువులకు అన్యాయమని చెప్పి, చెక్కడపు పనికి పోవుటకు బాలుడే సమ్మతించెనని జీవితచరిత్రకారులు వ్రాసిరి. ఆ పని నాడు మంచి వృత్తియే. ఛాయాచిత్రము ఇంకను పుట్టలేదు. గ్రంథమున బొమ్మ వేయవలెనన్నను, గొప్ప చిత్రకారుని పటమును వందల ఇండ్లకు చేర్పవలెనన్నను రాగిరేకుపై చెక్కి అచ్చుతీయుటే ముఖ్యమైన మార్గము. పని వచ్చినవానికి పస్తు లేదని లోకుల నమ్మకము.

తండ్రి మొదట అతనిని విలియం రైలండ్ అను వాని యొద్దకు తీసికొనిపోయెను. రైలండ్ రాజాదరణ పొందినవాడు. రేకుపై చుక్కలు పొడిచి మెత్తని ఛాయలు రప్పించు కొత్త పద్ధతిని ఇంగ్లండున ప్రచారము చేసినవాడు. రాబోవు కాలము ఆ పద్ధతిదే. కాని బయటికి వచ్చిన పిమ్మట బాలుడు, ఆ మనుష్యుని ముఖము తనకు నచ్చలేదనియు, అతడు ఉరికంబమెక్కువానివలె ఉన్నాడనియు తండ్రితో చెప్పెనట. పదునొకండేండ్ల తరువాత, 1783లో, ఈస్టిండియా కంపెనీపై దొంగహుండీ సృష్టించిన నేరమునకు రైలండ్‌ను నిజముగనే ఉరితీసిరి.

1772 ఆగస్టులో బాలుడు జేమ్స్ బేసైర్ అను మరియొక పనివాని వద్ద ఏడేండ్ల కట్టుబాటుతో చేరెను. రుసుము 52 పౌన్ల 10 షిల్లింగులు. బేసైర్ సత్యవంతుడు, నెమ్మదస్తుడు. పనిలో మాత్రము పాతకాలపు మనిషి. చుక్కల పద్ధతి అతనికి గిట్టదు. స్ఫుటమైన గీతయే అతని సర్వస్వము. ఆ గీత శిష్యుని చేతికి అంటెను. దానివలన ముందుముందు కలుగబోవు లాభమును నష్టమును ఆనాడు ఎవరును ఊహింపజాలరు.

ఏడేండ్ల శిష్యరికము

ఆ వృత్తిలోని శ్రమ చూచినవారికే తెలియును. రేకును నునుపు చేసి, మైనము పూసి, దానిపై సూదితో చిత్రమును గీసి, ఆమ్లముతో గీతలను కొరికించి, పిమ్మట సన్నని ఉక్కు ఉలితో ఒక్కొక్క గీతను సవరింపవలెను. వెలుగైనను నీడయైనను, మబ్బైనను మనిషి చెక్కిలియైనను అంతయు గీతలతోనే చూపవలెను. ఒక్కొక్క రేకునకు నెలలు పట్టుట కలదు. చేయి జారినచో ఆ తావును గీకి, వెనుకనుండి సుత్తితో కొట్టి, మరల చదును చేసి చెక్కవలెను. తాళ్ళపాకవారి సంకీర్తనలను వహించిన రాగిరేకులు తెలుగువారికి పరిచితములే. అవి రేకుపైననే చదువుకొనుటకు ఉద్దేశింపబడినవి. లండను పనివాని రేకు అట్టిది కాదు. సిరా పూసి కాగితముపై అచ్చొత్తవలసినది. కనుక బొమ్మనైనను అక్షరమునైనను అద్దములో కనిపించునట్లు కుడియెడమలు తారుమారు చేసి రేకుపై దింపవలెను. ఈ తారుమారు విద్య బ్లేక్ చేతికి బాగుగ పట్టువడెను. తరువాత ఆయన కవిత్వము లోకమునకు చేరినది ఈ విద్యవలననే.

బేసైర్ పురావస్తు పరిశోధకుల సంఘమునకు బొమ్మలు చెక్కెడివాడు. ఆ పనిమీద శిష్యుని వెస్ట్‌మినిస్టర్ ఆబేకి పంపి, అక్కడి రాజుల, రాణుల సమాధులను చిత్రించుకొని రమ్మనెను. తోటి శిష్యుల కలహములనుండి అతనిని తప్పించుట కూడ గురువు ఉద్దేశమట. ఇట్లు వరుసగ కొన్ని సంవత్సరములు ఆ కుర్రవాడు ఆ పురాతన దేవాలయపు మసక వెలుతురులో ఒంటరిగ కూర్చుండి, రాతిలో శయనించిన రాజుల వస్త్రముల మడతలను, ముఖముల గాంభీర్యమును కాగితముపైకి ఎక్కించెను. నాడు ఫ్యాషను గ్రీకు, రోమను శిల్పములది. ఈ మధ్యయుగపు శిల్పమును మొరటు పనిగ భావించెడివారు. బ్లేక్ చిత్రములలోని నిడుపాటి ఆకారములకు, జీరాడు వస్త్రములకు మూలము ఈ సమాధులలో కలదు. చిత్రకళాశాలలో చేరిన తోటివారికి దొరకని చదువు ఆయనకు కూలిపని రూపమున దొరకెను. పండ్రెండవ ఏట ఆరంభించిన కవితారచనయు ఈ యేండ్లలో సాగుచునే ఉండెను.

కళాకారుడా, పనివాడా?

1779లో శిష్యరికము ముగిసెను. ఆ సంవత్సరమే ఆయన రాయల్ అకాడమీ పాఠశాలలో విద్యార్థిగ ప్రవేశించెను. 1768లో స్థాపితమైన ఆ సంస్థకు చిత్రకారుడు సర్ జాషువా రెనాల్డ్స్ అధ్యక్షుడు. అచ్చట బ్లేక్‌కు తన వృత్తి యొక్క అంతస్తు తెలియవచ్చెను. చెక్కడపు పనివారిని అకాడమీ పూర్తి సభ్యులుగ అంగీకరించెడిది కాదు. వారికి అనుబంధ సభ్యత్వము మాత్రమే. అదియు ఆరుగురికి మించదు. పరుల చిత్రములకు నకలు తీయువానికి స్వంత కల్పన ఉండదని పెద్దల తీర్పు. ఈ కట్టుబాటు పందొమ్మిదవ శతాబ్దపు మధ్యకాలము వరకు సడలలేదు. తోటివాడు స్టొథార్డ్ బొమ్మలు గీయగా, వానిని రాగిపై చెక్కి బ్లేక్ పత్రికలవారి యొద్ద కూలి పుచ్చుకొనెడివాడు. గీసినవానికి కళాకారుడని పేరు. చెక్కినవానికి పనివాడని పేరు. బ్లేక్ మనస్సున ఇది ముల్లువలె నాటుకొనెను.

1782 ఆగస్టులో ఆయన బాటర్‌సీలోని ఒక తోటమాలి కుమార్తె కేథరిన్ బౌచర్‌ను పెండ్లాడెను. వివాహపు దస్తావేజులో వధువు సంతకమునకు బదులు గీటు పెట్టెను. భర్త ఆమెకు చదువు నేర్పెను. బొమ్మ గీయుట, రంగు వేయుట, అచ్చుతీయుట కూడ నేర్పెను. ఆ వృత్తి ఆ యింట ఇరువురిది అయ్యెను. 45 ఏండ్ల దాంపత్యములో వారికి సంతానము లేదు. ఇంటిలో ఉన్న బరువైన వస్తువు అచ్చుయంత్రము.

1783లో మిత్రులు కొందరు డబ్బు వేసికొని ఆయన తొలి కవితలను 'పొయెటికల్ స్కెచెస్' అను చిన్న పుస్తకముగ అచ్చువేయించిరి. దాని ముందుమాట ఒక విధముగ క్షమాపణ పత్రము. ఈ కవితలు పండ్రెండవ ఏటికిని ఇరువదవ ఏటికిని నడుమ వ్రాసినవనియు, ఆ పిమ్మట రచయిత తన వృత్తిలో నైపుణ్యము సంపాదించుటయందే నిమగ్నుడగుటచే వీనిని దిద్దుకొను తీరిక లేకపోయెననియు అందు చెప్పబడెను. చేతిపని కవిత్వమును మ్రింగివేయునని మిత్రులు ఆనాడే నిశ్చయించుకొనిరన్నమాట. ఆ పుస్తకము బజారున అమ్మకమునకు రానేలేదు. మరుసటి ఏట తండ్రి మరణించెను. బ్లేక్ తన సహాధ్యాయి జేమ్స్ పార్కరుతో కలసి అచ్చుపటముల అంగడి తెరచెను. అది రెండేండ్లకు మించి సాగినట్లు లేదు.

రాగిపై వ్రాసిన పాటలు

తమ్ములలో కడగొట్టువాడైన రాబర్ట్ ఆయనకు ప్రాణము. బొమ్మలు నేర్చుకొనుచు అన్న యింటనే ఉండెను. 1787లో అతడు క్షయరోగమున మరణించెను. చివరి రెండు వారములు అన్న కునుకు తీయక మంచము చెంత కూర్చుండెను. ప్రాణము పోవునప్పుడు తమ్ముని ఆత్మ సంతోషముతో చప్పట్లు చరచుచు ఇంటికప్పు దాటిపోవుట తాను చూచితినని తరువాత చెప్పెను.

ఆ దినములలో బ్లేక్‌ను ఒక చిక్కు పీడించుచుండెను. చేతిలో పాటలు ఉన్నవి. వానికి తగిన బొమ్మలు మనస్సున ఉన్నవి. అచ్చువేయు ప్రకాశకుడు లేడు. అక్షరములను ఒకచోట కూర్పించి, బొమ్మలను వేరొక యంత్రముపై అచ్చొత్తించి, రెంటిని కలిపి కట్టించుటకు కావలసిన డబ్బు లేదు. ఒక రాత్రి రాబర్ట్ దర్శనమిచ్చి ఉపాయము ఉపదేశించెనని ఆయన చెప్పెడివాడు. తెల్లవారిన పిమ్మట ఇంటిలో మిగిలిన డబ్బు అరక్రౌను, అనగా రెండున్నర షిల్లింగులు మాత్రమే. కేథరిన్ దానిని తీసికొనిపోయి, ఒక షిల్లింగు పది పెన్నీలు ఖర్చుచేసి సామగ్రి తెచ్చెనట.

ఉపాయము ఇది. పనివారందరు రేకుపై గీతను లోతుగ త్రవ్వుదురు. బ్లేక్ దానిని తారుమారు చేసెను. ఆమ్లమునకు కరగని ఒక ద్రవముతో కవితను, దాని చుట్టు తీగలను, పక్షులను, మనుష్యులను తానే కుంచెతోను కలముతోను రేకుపై వ్రాసెను. అక్షరములు కుడినుండి ఎడమకు, తారుమారుగ వ్రాయవలసి యుండెను. బేసైర్ కార్ఖానాలో అలవడిన విద్య ఇచ్చట అక్కరకు వచ్చెను. పిమ్మట రేకును ఆమ్లములో ఉంచగా, వ్రాయని తావులు కరగి దిగిపోయి, వ్రాత పైకి తేలెను. దానికి సిరా అద్ది ఇంటిలోని యంత్రముపై అచ్చుతీసి, భార్యాభర్తలు నీటిరంగులు పూసి, కేథరిన్ పుటలను కూర్చి కుట్టెడిది. ఇట్లు కవి, చిత్రకారుడు, అక్షరములు కూర్చువాడు, అచ్చువేయువాడు, ప్రకాశకుడు ఒక్కడే అయ్యెను. అమాయక గీతములను అర్థముగల 'సాంగ్స్ ఆఫ్ ఇన్నొసెన్స్' 1789లో ఈ విధముగ వెలువడెను. అనుభవ గీతములు 1794లో దానితో జతగూడెను. నేడు ఇంగ్లీషు చదివిన ప్రతి బాలుడు ఎరిగిన పులి పాట ఆ రెండవ భాగమున అరచేతి వెడల్పు రేకుపై పుట్టినదే.

1793 అక్టోబరులో ఆయన ఒక ప్రకటన అచ్చువేసి తన పుస్తకముల వెలలు తెలిపెను. గీతముల సంపుటములు రెండును ఒక్కొక్కటి ఐదు షిల్లింగులు. పద్ధతి చవకది, కాని శ్రమకు అంతులేదు. ఏ రెండు ప్రతులును ఒకే తీరున ఉండవు. కోరినవారికి ఒక్కొక్కటిగ చేసి ఇచ్చుటవలన జీవితకాలమంతయు కలసి కొన్ని పదుల ప్రతులు మాత్రమే బయటికి పోయెను. ప్రకాశకుల దాస్యము తప్పెను. పాఠకులు కూడ తప్పిపోయిరి.

కడుపునకు కూడు మరల కూలిపనియే పెట్టెను. ఆ కూలిపని ఎల్లప్పుడు వ్యర్థము కాలేదు. స్టెడ్‌మన్ అను సైనికోద్యోగి దక్షిణ అమెరికాలోని సురినాంలో నీగ్రో బానిసలపై జరుగు ఘోరములను వర్ణించి వ్రాసిన గ్రంథమునకు బ్లేక్ బొమ్మలు చెక్కెను. కొరడా దెబ్బలు తిన్న శరీరములను ఉలితో నెలల తరబడి రాగిపై చెక్కిన చేతియే 1793లో బానిసత్వమును నిరసించు కావ్యమును తన స్వంత రేకులపై వ్రాసెను. మరియొక పని మాత్రము నిండ ముంచెను. యంగ్ కవి 'నైట్ థాట్స్' కావ్యమునకు 537 నీటిరంగు చిత్రములు గీయగా ప్రకాశకుడు ఇచ్చిన ప్రతిఫలము 21 పౌన్లు. ఒక్కొక్క చిత్రమునకు పది పెన్నీలైనను పడలేదు. 1797లో 43 రేకులతో మొదటి భాగము వెలువడి, ఆదరణ లేక అంతటితో ఆగిపోయెను.

పోషకుని నీడలో

1800లో విలియం హేలీ అను ధనిక కవి ఆయనను సముద్రతీరమున గల ఫెల్పాం గ్రామమునకు పిలిచెను. హేలీ సజ్జనుడు, నాడు పేరున్న కవి. కాపురమునకు కుటీరము దొరకెను. పనికి లోటు లేదు. హేలీ గ్రంథములకు బొమ్మలు చెక్కుట, అతని గ్రంథాలయమునకు కవుల ముఖచిత్రములు వ్రాయుట, ఇరుగుపొరుగు పెద్దమనుష్యులకు చిన్నచిన్న రూపచిత్రములు గీయుట అను పనులతో దినములు గడచుచుండెను. ఇంతకాలము కోరిన భద్రత ఇదియే. కాని ఒక ఏడు తిరుగునప్పటికి అది ఆయన గొంతు పిసుకసాగెను. కల్పనలు కట్టిపెట్టి, కూలి దొరకు చెక్కడపు పనినే నమ్ముకొమ్మని హేలీ సౌమ్యముగ హితవు చెప్పెడివాడు. లండను మిత్రుల ఉత్తరములలోను అదే హితబోధ. శత్రువు మాటను త్రోసిపుచ్చవచ్చును; అన్నము పెట్టు మిత్రుని మాటను త్రోసిపుచ్చుట ఎట్లు? లండనులో ప్రభుత్వ కార్యాలయమున గుమాస్తాగ ఉండి, సంవత్సరముల తరబడి తన చిత్రములను కొనుచుండిన థామస్ బట్స్‌కు వ్రాసిన లేఖలలో బ్లేక్ ఈ వేదనను వెళ్ళబోసికొనెను. తన అసలు పనిని మానినచో పరలోకమున తనకు గతి లేదని ఆయన భయము. మూడేండ్లకు కుటీరము విడిచి లండనునకు మరలుటకు నిశ్చయించుకొనెను.

బయలుదేరుటకు ముందు, 1803 ఆగస్టులో, తోటలో ప్రవేశించిన ఒక సైనికుని మెడబట్టి బయటికి గెంటెను. ఆ సైనికుడు రాజద్రోహపు మాటలాడెనని బ్లేక్‌పై నేరము మోపెను. నెపోలియనుతో యుద్ధము సాగుచున్న కాలము. నేరము రుజువైనచో శిక్ష కఠినము. 1804 జనవరిలో చిచెస్టర్‌లో విచారణ జరిగి నిర్దోషియని తీర్పు వచ్చెను. అప్పుడు వకీలును ఏర్పరచి, సాక్ష్యము చెప్పి అండగ నిలిచినవాడు ఆ హేలీయే. తాను విడిచివచ్చిన పోషకుడు చెడ్డవాడు కాడని బ్లేక్‌కు తెలియును. అయినను ఫెల్పాంకు మరలిపోలేదు.

పాత గీతకు గడ్డుకాలము

లండనులో 1805లో క్రొమెక్ అను ప్రకాశకుడు, బ్లెయర్ రచించిన 'ది గ్రేవ్' అను కావ్యమునకు బొమ్మలు గీయుమని, వానిని చెక్కు పనియు ఇత్తునని ఆశ చూపెను. చిత్రకారునకు వచ్చు డబ్బు తక్కువ. అసలు రాబడి చెక్కడమున కలదు. 21 పౌన్లకు బ్లేక్ చిత్రములిచ్చెను. ఒక రేకును నమూనాగ చెక్కి చూపెను. నల్లని నేలపై తెల్లని గీతలతో బెట్టుగ ఉన్న ఆ పని చూచి క్రొమెక్ జంకెను. కొనుగోలుదారులు కోరునది చుక్కలతో మెరుగుపెట్టిన మెత్తని పని. చెక్కడము ఇటలీ దేశస్థుడైన స్కియవొనెట్టికి పోయెను. బ్లేక్‌కు ముట్టినదానికి ఎన్నో రెట్లు అతనికి ముట్టెను. పదునాలుగవ ఏట రైలండ్‌ను కాదని బేసైర్‌ను కోరుకొన్నందుకు ఇప్పుడు, ముప్పది మూడేండ్ల తరువాత, వెల చెల్లింపవలసి వచ్చెను. చిత్రకారుడుగ ఆయనను పనివాడని త్రోసివేసిరి. పనివాడుగ పాతకాలపువాడని త్రోసివేసిరి.

1809లో ఆయన లోకమునకే తన మొర వినిపింప తలచి, తాను పుట్టిన బ్రాడ్ వీధి ఇంటిలో, అన్న జేమ్స్ మేజోళ్ళ అంగడిమీద, 16 చిత్రములతో ప్రదర్శనము ఏర్పాటు చేసెను. తన కళా సిద్ధాంతములను వివరించు పట్టిక ఒకటి వ్రాసి రెండున్నర షిల్లింగులకు ఇచ్చెను. వచ్చినవారు కొలదిమంది. 'ఎగ్జామినర్' పత్రిక ఆయనను పిచ్చివానిగ చిత్రించి, నిర్బంధింపకుండుటకు కారణము ఆయన వలన ఎవరికి హాని లేకపోవుటయే అని వ్రాసెను. అప్పటినుండి దాదాపు పదేండ్లు ఆయన లోకుల కంటికి కానరాలేదు. ఆ చీకటిలోనే 'జెరూసలేం' అను నూరు రేకుల మహాకావ్యమును చెక్కుచుండెను. దానికి పూర్తిగ రంగులు వేసిన ప్రతి ఒక్కటే తయారయ్యెను. అదియు ఆయన బ్రతికియుండగా అమ్ముడుపోలేదు.

పింగాణి పాత్రలు, యోబు చరిత్ర

1815, 1816 సంవత్సరములలో వెడ్జ్‌వుడ్ పింగాణి కార్ఖానావారి సరకుల పట్టికకు బ్లేక్ 18 రేకులు చెక్కెను. పులుసు గిన్నెలు, పాలచెంబులు, పళ్ళెములు, మూతలు. నూరు రేకుల కావ్యమును చెక్కుచున్న చేయి పగలు ఈ పాత్రల అంచులను, పిడులను గీతలలో దింపుచుండెను. ఆ పని చేయుటకు ఆయన సిగ్గుపడినట్లు ఎక్కడను కానరాదు. ఆయనకు కష్టమైనది పాత్రలను చెక్కుట కాదు. పాత్రలు చెక్కువాడు పద్యములు వ్రాయరాదనుట.

1818లో జాన్ లిన్నెల్ అను యువ చిత్రకారునితో పరిచయమయ్యెను. అతడు వృద్ధునకు పని చూపెను, కొనువారిని చూపెను, యువశిష్యులను చూపెను. అతని వలననే డాక్టరు థార్న్‌టన్ అను వైద్యుడు పాఠశాల పిల్లల వర్జిల్ పుస్తకమునకు బొమ్మలు కోరెను. బ్లేక్ అంతవరకు కొయ్యపై చెక్కియెరుగడు. అరువది మూడు దాటిన వయస్సున నేర్చుకొని 17 చిన్న దిమ్మెలు చెక్కెను. అవి చూచి వృత్తిలోనివారు నవ్విరి. వానిని వేరొకరిచేత మరల చెక్కింప తలచిన ప్రకాశకులను ప్రముఖ చిత్రకారులు కొందరు వారించిరి. బొమ్మల క్రింద, వీనిలో పనితనము కంటె ప్రతిభ మెండని సంజాయిషీ చేర్చి 1821లో అచ్చువేసిరి. శామ్యూల్ పామర్ మొదలగు యువచిత్రకారులకు చీకటి కొండలపై వెన్నెల కురిసిన ఆ బుల్లి బొమ్మలే గురుపాఠము లయ్యెను.

ఆ సంవత్సరమే ఆయన స్ట్రాండు సమీపమున ఫౌంటెన్ కోర్టులోని రెండు గదుల బసకు మారెను. చిన్ననాట వేలములలో పెన్నీ పెన్నీ కూర్చి కొన్న అచ్చుప్రతులను బ్రతుకుతెరువుకై అమ్మివేసినది కూడ ఆ యేటనే. మరుసటి ఏట రాయల్ అకాడమీ 25 పౌన్లు సహాయముగ మంజూరు చేసెను.

1823 మార్చిలో లిన్నెల్ ఒక ఒప్పందము వ్రాయించెను. బైబిలులోని యోబు చరిత్రకు బ్లేక్ గీసిన చిత్రములను రాగిపై చెక్కవలెను. రేకునకు ఐదు పౌన్ల చొప్పున నూరు పౌన్లు ఇచ్చుటయేగాక, లాభము వచ్చినచో మరి నూరు పౌన్లు ఇచ్చునట్లు ఏర్పాటు. సర్వస్వము పోగొట్టుకొనియు విశ్వాసము వదలని యోబు కథను వ్రాయుటకు బ్లేక్ కంటె తగినవాడు ఎవడు? ఈ పనిలో ఆయన ఫ్యాషనును ఏ మాత్రము లెక్కింపలేదు. ఆమ్లము సహాయము కూడ కోరక, బాలుడుగ తాను సేకరించిన డ్యూరర్ వంటివారి పద్ధతిలో, అచ్చముగ ఉలితో గీతవెంట గీత చెక్కెను. బేసైర్ కార్ఖానాలో నేర్చినది, ఆబే సమాధులలో చూచినది, స్వంత రేకులపై చిత్రము చుట్టు అక్షరమల్లుట యందు సాధించినది, అంతయు ఈ 22 రేకులలో ఒకటయ్యెను. పనివాడెక్కడ ముగిసెనో కవి ఎక్కడ మొదలయ్యెనో చెప్పుట సాధ్యము కాదు. 1826లో సంపుటము వెలువడెను. అమ్మకము స్వల్పము, రెండవ నూరు పౌన్లకు సరిపడు లాభము రాలేదు. అయినను లిన్నెల్ తనకు తోచినంత అధికముగ ఇచ్చుచు, డాంటే మహాకావ్యమునకు బొమ్మలు గీయ నియోగించెను. అప్పటికే ఆ పని ఆరంభించిన వృద్ధుడు దానికై ఇటాలియను భాష నేర్చుకొనెను. 102 చిత్రములు గీసి, ఏడింటిని రాగిపైకి ఎక్కించునప్పటికి రోగము మంచము పట్టించెను.

1827 ఆగస్టు 12వ తేదీన ఆయన మరణించెను. కడపటి దినములలో దిండ్లకు ఆనుకొని తన పాత అచ్చుపటమునకు ఒకదానికి రంగులు దిద్దెననియు, పిమ్మట మంచము చెంత ఉన్న భార్య రూపమును గీసెననియు, పాడుచు ప్రాణము విడిచెననియు అప్పటివారు చెప్పిరి. బన్‌హిల్ ఫీల్డ్స్ శ్మశానమున గుర్తు రాయి లేని గోతిలో పాతిపెట్టిరి. అప్పు మాత్రము మిగల్చలేదు.

1863లో గిల్‌క్రిస్ట్ వ్రాసిన జీవితచరిత్ర వెలువడిన పిమ్మట లోకము మెల్లమెల్లగ ఆయనను తెలిసికొనెను. 'మిల్టన్' కావ్యపు పీఠికలోని పద్యములకు 1916లో పారీ అను సంగీతకర్త స్వరము కట్టగా, అది ఇంగ్లండు ప్రజలకు దాదాపు జాతీయగీతమయ్యెను. 2018 ఆగస్టు 12న, ఆయన ఖననస్థలమును గుర్తించి దానిపై పేరు చెక్కిన శిలను నిలిపిరి.

ఆయన తన కవితలను వ్రాసిన రేకులు నేడు లేవు. 'అమెరికా' అను కావ్యమునకు చేసి విడిచిపెట్టిన రేకు నుండి ఒక చిన్న తునక తప్ప అన్నియు నశించెను. కూలికి ఒప్పుకొని చెక్కిన యోబు రేకులను మాత్రము లిన్నెల్ కుటుంబము జాగ్రత్తపరచగా, అవి బ్రిటిషు మ్యూజియమునకు చేరినవి. పదునాలుగవ ఏట తోబుట్టువుల వాటా కొరకు ఒప్పుకొన్న పనిలో అరువది ఏడవ ఏట ఆయన చేరుకొన్న ఎత్తు ఆ రాగిపై, కుడియెడమలు తారుమారుగ, నేటికిని ఉన్నది.